కుడిచేయి - ఎడమకన్ను

ద్రోణాచార్యుడు శిష్యులకు పెట్టిన పరీక్షను ఎరుగనివారు మనలో ఉండరు. శిల్పులచేత చేయించిన పక్షినొకదానిని చెట్టుకొమ్మ చివర నిలిపించి, ఒక్కొక్క శిష్యుని దగ్గరకు పిలిచి, "నీకేమి కనబడుచున్నది?" అని ఆయన అడిగినాడు. ధర్మరాజునకు చెట్టు కనబడినది, గురువు కనబడినాడు, తోడబుట్టినవారు కనబడినారు. అర్జునునకు పక్షి శిరస్సు తప్ప మరేమియు కనబడలేదు. ఏకాగ్రతను బోధింపవలసి వచ్చినప్పుడెల్ల మన ఉపాధ్యాయులు ఈ కథను చెప్పుచుందురు. చెప్పవలసినదే. కాని ఆ పరీక్షలో ద్రోణుడు అడుగని ప్రశ్న యొకటి మిగిలిపోయినది. "నీవు ఏ కంటితో చూచుచున్నావు?" అన్నది ఆ ప్రశ్న. రైఫిలు పట్టి గురి నేర్చుకొనవచ్చిన నేటి విద్యార్థిని మొట్టమొదట అడుగవలసినది అదియే.

మనిషికి రెండు చేతులున్నను పనిలో ఒకటి ముందునకు వచ్చును. అట్లే రెండు కన్నులున్నను ఒకదానిదే పెత్తనము. దూరమున నున్న వస్తువుపై గురి నిలుపవలసినప్పుడు మెదడు రెండు కన్నుల సాక్ష్యమును సమానముగా మన్నింపదు. ఒక కంటి మాటనే ప్రమాణముగా గైకొనును. తుపాకి విద్య నేర్పు శిక్షకులు దీనిని 'మాస్టర్ ఐ' అందురు. మనము పెత్తనపు కన్ను అని పిలుచుకొందము. ఈ పెత్తనము చూపు పదునును బట్టి వచ్చునది కాదు. రెండు కన్నులును సమానముగా చదువగలిగినవారిలోను ఒక కన్నే ముందు నడుచును; ఒక్కొక్కప్పుడు చూపు కొంచెము తక్కువైన కన్నే పెత్తనము వహించుటయు కలదు.

కుడిచేతితో పనిచేయు వారికి కుడికన్నే పెద్దదిక్కు కావలెనని మనము సహజముగా అనుకొందుము. ప్రకృతి అట్లు అనుకొనలేదు. అనేక దేశముల పరిశీలనలను గుదిగ్రుచ్చి 1996లో ప్రకటించిన ఒక సమీక్ష ప్రకారము, కుడిచేతివాటపు వారిలో సుమారు మూడింట ఒకవంతు మందికి ఎడమకంటిదే పెత్తనము. ఎడమచేతివాటపు వారిలో ఎడమకంటి పెత్తనము గలవారు సగమునకు కొంచెము మాత్రమే ఎక్కువ, తక్కినవారిది కుడికన్ను. చేయి ఒకవైపు, కన్ను మరియొకవైపు అయిన వీరు వికలాంగులు కారు, రోగులు కారు. వ్రాతలో, నడకలో, ఆటలో వారికి ఏ లోపమును తోచదు. ఆ సంగతి వారికే తెలియదు. బుజమునకు రైఫిలు ఆన్చిన నాడు మాత్రము అది బయటపడును.

మర్రిచెట్ల దారిలో

హైదరాబాదు నుండి బిజాపురము పోవు రహదారి, మొయినాబాదు దాటి చేవెళ్ల చేరువరకు, తన మర్రిచెట్లకు పేరుపడ్డది. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నగర రక్షణకై నిర్మించిన ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు జలాశయములు మొయినాబాదునకు ఇరుగుపొరుగులు. ఆ మండలములోని పెద్దమంగళారము కొండా వెంకట రంగారెడ్డిగారి జన్మస్థలము. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. పూలతోటలు, కూరగాయల మళ్లు గల ఈ పల్లెలలో తుపాకి గురితో ఎవరికి పని యని పాఠకులకు సందేహము కలుగవచ్చును.

పని ఉన్నది. హిమాయత్ సాగరు చెంతనే పోలీసు అకాడమీ కలదు. పూర్వము హైదరాబాదు నగరమునకు కొత్వాలుగా ఉండిన రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి పేరుతో అది నడుచుచున్నది. పోలీసు కొలువుకో, సైన్యమునకో పోవలెనని తెల్లవారకముందే రోడ్డుప్రక్కన పరుగు సాధన చేయు యువకులను, యువతులను మన మండలములలో ఎవరైనను చూడవచ్చును. వారికి ఎత్తు ఎంత, ఛాతీ ఎంత, పరుగుకు ఎన్ని నిమిషములు పట్టును అన్నవి కంఠోపాఠము. తమ పెత్తనపు కన్ను ఏదియో మాత్రము వారిలో అనేకులు ఎరుగరు. కొలువు దొరికిన పిమ్మట రైఫిలు చేతికి వచ్చిన నాడు ఆ ఎరుకలేమి అడ్డుపడును.

రెండవ త్రోవ నేషనల్ కేడెట్ కోరు. 1948 నాటి చట్టముచే ఏర్పడిన ఈ సంస్థ ద్వారా మన విద్యార్థులు అనేకులు మొట్టమొదటిసారిగా .22 రైఫిలును తాకుదురు. మూడవది క్రీడ. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో, గచ్చిబౌలి యందు గురి క్షేత్రము కలదు. చేవెళ్ల ప్రాంతమునకు అది పరదేశము కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున పది మీటర్ల గాలిరైఫిలులో కాంస్యపతకము గెలిచినాడు. ఆయన మొత్తము 701.1 పాయింట్లు. అంతకు నాలుగేండ్ల ముందు అదే పోటీలో అభినవ్ బింద్రా 700.5 పాయింట్లతో స్వర్ణము తెచ్చి, వ్యక్తిగత పోటీలో ఒలింపిక్ స్వర్ణము పొందిన తొలి భారతీయుడైనాడు. హైదరాబాదు ఆడపడుచు ఈషా సింగ్ పిస్తోలు విభాగమున 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకములు గెలిచి, మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్సులో పాల్గొన్నది. వీరిని చూచి మనవూరి బాలిక యొకతె రైఫిలు నేర్వగోరిన, అది ఆకాశమునకు నిచ్చెన వేయుట కాదు.

ఒక బాలిక కథ అనుకొందము

అట్టి బాలికను ఒకతెను ఊహించుకొందము. తొమ్మిదవ తరగతి. వ్రాయుట, అన్నము తినుట, బంతి విసరుట అన్నియు కుడిచేతితోనే. శిక్షకుడు కుడిబుజమునకు రైఫిలు ఆన్పించినాడు. ఆమె ముందు పది మీటర్ల దూరమున ఎనుబది మిల్లీమీటర్ల అట్టముక్క. దానిపై వలయములన్నియు కలిపి 45.5 మిల్లీమీటర్ల వెడల్పు. నడుమనున్న 'పది' కేవలము అర మిల్లీమీటరు చుక్క. తుపాకిలోని సీసపు గుండు 4.5 మిల్లీమీటర్లది, అనగా లక్ష్యబిందువు కంటె తొమ్మిదిరెట్లు పెద్దది. ఈ విద్య ఎంతటి సూక్ష్మమైనదో తెలుసుకొనుటకు ఈ కొలతలు చాలును.

ఆమె కుడికన్ను వెనుకగురి రంధ్రముగుండ చూచును. గొట్టము చివరనున్న ముందుగురి వలయములో నల్లని లక్ష్యము నిలువవలెను. ఇక్కడ మన ద్రోణుని కథకును నేటి రైఫిలుకును చిన్న భేదము గలదు. మనిషి కన్ను ఒకే క్షణమున మూడు దూరములను స్పష్టముగా చూడజాలదు. అందుచేత రైఫిలు విద్యార్థి చూపు ముందుగురిపై నిలువవలెను. లక్ష్యము కొంచెము మసకగా కనబడినను దోషము లేదు. ఈ నిలుపుదలను కుడికన్ను చేయవలసియుండగా, మన బాలిక ఎడమకన్ను ఊరకుండదు. దానికి గురి రంధ్రము అడ్డులేదు. లక్ష్యమును, తుపాకి ప్రక్కభాగమును, గోడను, దీపమును అన్నిటిని అది చూచుచు, ఆ దృశ్యమునే మెదడునకు నివేదించును. పెత్తనము దానిదే కనుక మెదడు ఆ మాట వినును. కుడికంటిలోని చక్కని వలయము క్షణకాలము మాసిపోవును, మరల వచ్చును, మరల మాసిపోవును.

అప్పుడు ఆమె తెలియకుండనే తల వంచి, బట్టుమీదుగా ఎడమకన్నును గురి వైపునకు జరుపజూచును. చెంప బట్టునుండి జారును. లేదా ఎడమకన్నును గట్టిగా మూయును. నుదురు ముడుచుకొనును, మెడ బిగియును. పది గుండ్లవరకు బాగుగనే యుండును. ఇరువదియవ గుండునాటికి కన్ను నీరు క్రమ్మును. పెద్దల పోటీలో అరువది గుండ్లు, డెబ్బదియైదు నిమిషముల గడువు. చివరకు అట్టముక్కపై ఒక చోట కూడవలసిన రంధ్రములు చెల్లాచెదరగును. ఒకటి రెండు గుండ్లు నల్లభాగమునే విడిచి ఎక్కడనో తగులును. చూచిన పెద్దలు, "శ్రద్ధ లేదు, మనస్సు నిలుపదు," అందురు. ఆ పిల్లయు అదే నమ్మును. ఒక నెల గడచిన పిమ్మట ఆమె రాక మానును. ఇక్కడ పోయినది ఒక పతకము కాదు; తన శ్రమపై తనకుండిన విశ్వాసము. దాని ధర ఎక్కువ.

సరూప త్రిభుజముల సాక్ష్యము

కన్ను తారుమారైన గురి ఎంత తప్పునో గణితము తెలిసిన విద్యార్థులు తామే లెక్కకట్టవచ్చును. పెద్దవారిలో రెండు కంటిపాపల నడుమ దూరము సుమారు 63 మిల్లీమీటర్లు. కంటికిని ముందుగురికిని నడుమ ఒక మీటరు, లక్ష్యమునకు పది మీటర్లు అనుకొందము. తుపాకి గొట్టము కుడికంటి చూపురేఖలో ఉన్నది. వెనుకగురిని లక్ష్యపెట్టక, ఎడమకన్ను తన ఇచ్చవచ్చినట్లు ముందుగురిని లక్ష్యముతో కలిపినదనుకొనుడు. ఆ చూపురేఖ ఎడమనుండి కుడికి ఏటవాలుగా పోవును. మొదటి మీటరులో అది 63 మిల్లీమీటర్లు కుడికి జరిగి ముందుగురిని తాకినది. తక్కిన తొమ్మిది మీటర్లలో అదే వాలున 9 × 63, అనగా 567 మిల్లీమీటర్లు కుడికి జరుగును. కనుక ఎడమకంటికి అంతయు సరిగానున్నట్లు తోచిన వేళ, గొట్టము లక్ష్యమునకు అరమీటరుకు పైగా ఎడమప్రక్కను చూచుచుండును.

వెనుక రంధ్రముగల పోటీ రైఫిలుతో ఇంతటి పొరపాటు జరుగదు. ఎడమకన్ను ఆ రంధ్రములోనికి రాజాలదు గనుక. అక్కడ ఈ తగవు పైన చెప్పినట్లు మసకగా, అలసటగా, తలవంపుగా బయటపడును. కాని ఎగురు మట్టిపళ్లెములను కొట్టు వేటతుపాకికి వెనుకగురి యుండదు. రెండు కన్నులు తెరచి గొట్టము మీదుగా చూచుటయే పద్ధతి. అందు కుడిబుజము, ఎడమకన్ను గలవాని గుండ్లు ఎడమప్రక్కకు పోవుట శిక్షకులందరు ఎరిగిన సంగతి. ఆ తప్పునకు కారణము పైలెక్కయే.

కన్ను మాట

ఈ పెత్తనమును గూర్చి లోకము ఆలోచించుట నిన్నటిది కాదు. ఇటలీ దేశపు పండితుడు జాంబత్తిస్తా దెల్లా పోర్తా 1593లో ప్రకటించిన కాంతిశాస్త్ర గ్రంథములో దీనిని ప్రస్తావించినాడు. ముందు చాచిన వ్రేలినో కర్రనో దూరపు వస్తువుతో కలిపి, ఒక్కొక్క కన్నును మూసి చూచు పరీక్ష నేటికిని ఆయన పేరనే యున్నది.

చేతివాటమునకును కంటి పెత్తనమునకును సంబంధము ఎందుకు బలముగా లేదో శరీరశాస్త్రము కొంత తెలుపును. కుడిచేతిని ముఖ్యముగా నడుపునది మెదడులోని ఎడమ భాగము. ఎడమచేతిని నడుపునది కుడి భాగము. కన్నుల ఏర్పాటు అట్టిది కాదు. ప్రతి కంటినుండి బయలుదేరిన నాడీతంతువులలో సుమారు సగము మార్గమధ్యమున అవతలివైపునకు దాటును, తక్కినవి దాటవు. కావున మెదడులోని ఏ భాగమునకైనను రెండు కన్నులనుండియు వార్తలు అందును. కుడికన్ను ఒక భాగపు సొత్తు, ఎడమకన్ను మరియొక భాగపు సొత్తు అను విభజన అందు లేదు. చేతినిబట్టి కన్నును ఊహించుట అందుచేతనే తరచు తప్పును.

మరియొక సంగతి. ఈ పెత్తనము అందరిలోను ఒకే బలముతో ఉండదు. కొందరిలో అది రాజశాసనము, కొందరిలో ఇంటిపెద్ద సలహా వంటిది. ప్రక్కకు చూచునప్పుడు అది ఒక కంటినుండి మరియొక కంటికి మారుటయు పరిశోధకులు గమనించినారు. కావున ఒక్కసారి చూచి తీర్పు చెప్పరాదు. తిన్నగా ఎదుటికి చూపించి, పలుమార్లు పరీక్షింపవలెను.

తరగతి గదిలో పరీక్ష

పరీక్షకు ఖర్చు లేదు. నల్లబల్లపై సుద్దముక్కతో పావలా బిళ్లంత వలయము గీయుడు. విద్యార్థిని గది వెనుక గోడకడ నిలువబెట్టుడు. రెండు చేతులను ముందునకు పూర్తిగా చాచి, అరచేతులను బొటనవ్రేళ్లకడ ఒకదానిపై నొకటి చేర్చి, నడుమ రూపాయంత సందు మిగుల్చుమనుడు. రెండు కన్నులు తెరచియే ఆ సందుగుండ వలయమును చూడవలెను. ఇప్పుడు ఎడమకన్ను మూయుమనుడు. వలయము సందులోనే యున్నచో పెత్తనము కుడికంటిది. మాయమైనచో ఎడమకంటిది. అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు వాల్టర్ మైల్స్ గత శతాబ్దపు మూడవ దశకము చివర ప్రచారమునకు తెచ్చిన పరీక్షకు ఇది తేలిక రూపము.

ఉపాధ్యాయుడు తానే నల్లబల్లకడ నిలిచి, తన ముక్కును చూడుమని చెప్పిన, పని మరింత సులభమగును. విద్యార్థి చేతుల సందులో తనకు ఏ కన్ను కనబడునో అదియే పెత్తనపు కన్ను. పిల్లవాడు తడబడి చెప్పినను ఈ సాక్ష్యము తడబడదు. మూడుమార్లు చేయించి, మూడుమార్లును ఒకే ఫలితము వచ్చినచో నిశ్చయముగా వ్రాసికొనవచ్చును. నలుబదిమంది తరగతికి ఒక పీరియడు చాలును. ఆ నలుబదిమందిలో పన్నెండుమందో పదిహేనుమందో చేయి ఒకటి, కన్ను ఒకటి అయినవారు కనబడినచో ఆశ్చర్యపడవలదు.

2018 ఆగస్టు 15న తెలంగాణలో ప్రారంభమైన కంటి వెలుగు కార్యక్రమము వలన చూపు పరీక్ష అన్నది పల్లెలకు పరిచితమైనది. అక్షరములు చదివించి అద్దములు ఇచ్చు ఆ పరీక్ష వేరు, ఇది వేరు. ఒకటి రెండవదానికి బదులు కాదు. ఒక కంటి చూపు బాగుగా మందగించినట్లు తోచిన విద్యార్థిని ముందు కంటి వైద్యునికడకే పంపవలెను. గురి సంగతి తరువాత.

ఏమి చేయవలెను?

కుడిచేయి, ఎడమకన్ను గల విద్యార్థికి ముందున్న మార్గములు ముఖ్యముగా రెండు. తుపాకిని ఎడమబుజమునకు మార్చుట ఒకటి. కుడిబుజముననే ఉంచి ఎడమకంటి జోక్యమును అడ్డగించుట రెండవది.

క్రొత్తగా చేరినవారికి మొదటి మార్గమే మేలు. వారికింకను ఏ అలవాటును పాతుకొనలేదు. కుడిచేతివాడు ఎడమవ్రేలితో ట్రిగ్గరు నొక్కుట మొదటి దినములలో వింతగా తోచును. కాని ఆలోచింపుడు. రైఫిలు విద్యలో ట్రిగ్గరు వ్రేలి పని ఎంత? మెల్లగా, నిశ్శబ్దముగా, వెనుకకు ఒక చిన్న ఒత్తిడి. అక్షరములు దిద్దుటతో పోల్చిన అది అతి స్వల్పము. కొన్ని వారముల సాధనతో చేయి దానిని నేర్చుకొనును. కంటి పెత్తనమును మార్చుట మాత్రము మన చేతిలోని పని కాదు. చేతికి నేర్పవచ్చును, కన్నును అడిగి తెలుసుకొనవలెను. ఈ వ్యాసమున చెప్పదలచిన సారాంశము ఇంతయే.

చేయి ఎంతవరకు నేర్వగలదో తెలుపుటకు హంగరీ దేశపు సైనికుడు కారోలీ తకాచ్ చరిత్ర చాలును. పిస్తోలులో ఆయన మేటి. 1938లో సైనిక శిక్షణ నడుమ చేతిబాంబు ప్రేలి ఆయన కుడిచేయి నుగ్గైనది. ఆయన ఎవరికిని చెప్పక ఎడమచేతితో సాధన మొదలుపెట్టినాడు. 1948లో లండను ఒలింపిక్సులోను, 1952లో హెల్సింకీలోను వేగపు పిస్తోలు పోటీలో ఆ ఎడమచేతితోనే స్వర్ణపతకములు గెలిచినాడు. మన సాహిత్యమున ఈ సాధనకు బిరుదే యున్నది. ఉత్తరకుమారునికి తన పది పేర్లు వివరించునప్పుడు, రెండు చేతులతోను గాండీవమును లాగగలుగుటచేత తనకు సవ్యసాచి యను పేరు వచ్చినదని అర్జునుడు చెప్పుకొన్నాడు. ఎడమవైపు ఎక్కుపెట్టుట మన పురాణములో లోపము కాదు, బిరుదు.

అయితే చిక్కులు లేకపోలేదు. పోటీ రైఫిలు బట్టు కుడిచెంపకు తగినట్లు మలచియుండును. ఎడమచేతివారి బట్టు వేరుగా తెప్పింపవలెను, దానికి డబ్బు కావలెను. పాఠశాలలు కొనునప్పుడు ఇరువైపులకును సరిపోవు సమానమైన బట్టుగల శిక్షణ రైఫిళ్లను కొనుట తెలివి. పోలీసు, సైనిక రైఫిళ్లతో మరియొక ఇబ్బంది. చిరకాలము మన పోలీసులు వాడిన .303 రైఫిలు బోల్టు కుడివైపున నుండును. ఎడమబుజమున ఆన్చినవాడు ప్రతి గుండునకును చేయి మార్చుకొనవలెను. తమంతట తాము గుండు నింపుకొను రైఫిళ్లలో ఖాళీ తొడుగు సామాన్యముగా కుడివైపునకు ఎగురును. ఎడమవాని ముఖము ముందునుండియే అది పోవును. ఇట్టిచోట బుజము మార్చుటకు ముందు శిక్షకుని సలహా గైకొనవలెను.

ఏండ్ల తరబడి కుడిబుజమున సాధన చేసినవానికి రెండవ మార్గము తగును. వెనుకగురికి ప్రక్కగా చిన్న తెరపట్టీ అమర్చి పెత్తనపు కంటికి లక్ష్యము కనబడకుండ చేయుదురు. అంతర్జాతీయ నియమముల ప్రకారము రైఫిలు పోటీలో ఆ పట్టీ లోతు 30 మిల్లీమీటర్లకు, గురి రంధ్రపు నడుమనుండి పొడవు 100 మిల్లీమీటర్లకు మించరాదు. ఆ పట్టీ నల్లనిదిగాక పాలవన్నెదైన మేలు. దానికి కారణము కలదు. ఒక కన్నును చీకటిలో ఉంచిన, రెండవ కంటిపాప కూడ కొంత విచ్చుకొనును. విచ్చుకొన్న పాపలో చూపు పదును తగ్గును. వెలుతురును రానిచ్చి రూపమును మాత్రము మరుగుపరచు పట్టీ వలన రెండు కన్నులును తెరచి, ముఖకండరములు సడలి, హాయిగా ఉండవచ్చును. కంటియద్దములు పెట్టుకొనువారు అద్దముపై చొక్కాగుండీ అంత మసక కాగితమును, సరిగా చూపురేఖపై, అతికించి సాధన చేయవచ్చును. ఎడమకన్నును గట్టిగా మూయుట అన్నిటికంటె నాసి ఉపాయము; నాలుగు గుండ్లకు అది చెల్లును, అరువదింటికి చెల్లదు.

కుడిబుజమున తుపాకి ఆన్చి ఎడమకంటితోనే చూచువారిని అంతర్జాతీయ నియమావళి మరువలేదన్నది గమనింపదగిన విశేషము. అట్టివారు, పెద్దదిచేసి చూపు కటకము లేనంతవరకు, పట్టకమునో అద్దమునో అమర్చుకొని గురి చూచుటకు అందులో అనుమతి కలదు. కుడిబుజమున కుడికంటితోనే చూచువానికి ఆ వెసులుబాటు లేదు. లోకమున ఇట్టివారు ఉన్నారని నియమములు వ్రాసినవారు గుర్తించినారు. మనము మన తరగతి గదిలో గుర్తించుటకు సంకోచమేల?

ఇక మూడవ త్రోవ పిస్తోలు. అది చెంపకు ఆనదు. చాచిన చేతి చివర నుండును. కుడిచేత పట్టి, తల రవంత త్రిప్పి ఎడమకంటి ముందునకు తెచ్చుకొనుట కష్టము కాదు. రైఫిలులో విసిగిన ఇట్టి విద్యార్థికి పిస్తోలు ఒప్పవచ్చును. ఏదైనను, అనుభవముగల శిక్షకుని కనుసన్నలలో, గురి క్షేత్రమున మాత్రమే నేర్వవలెను. గాలిరైఫిలు ఆటవస్తువు కాదు. నింపినను నింపకున్నను దాని గొట్టము మనిషి వైపు తిరుగరాదు. ఇది అన్నిటికంటె ముందు నేర్వవలసిన పాఠము.

ఉపాధ్యాయుని వంతు

గురి క్షేత్రము లేని పల్లెబడి ఉపాధ్యాయునికి దీనితో ఏమి సంబంధమని అనవచ్చును. సంబంధము కలదు. మన ఇండ్లలో పుర్రచేతితో అన్నమునకు చేయిచాచిన పిల్లవానిని వారింతుము. కొన్ని బడులలో ఎడమచేత బలపము పట్టిన పిల్లల వ్రేళ్లపై బెత్తము ఆడిన దినములును కలవు. అట్లు కుడికి మార్చబడిన పిల్లవాడొకడు, ఎడమచేయియు ఎడమకన్నును గలవాడు, పెరిగి పెద్దవాడై గురి క్షేత్రమునకు వచ్చినాడనుకొనుడు. "ఏ చేతితో వ్రాయుదువు?" అని అడుగుదురు. "కుడిచేతితో," అనును. కుడిబుజమునకే రైఫిలు ఇత్తురు. ప్రకృతి అతనికి చేతిని, కన్నును ఒకే ప్రక్కన కుదిర్చి ఇచ్చినది. పెంపకము వానిని విడదీసినది. అతని తప్పిన గురిలో ఎవరి తప్పు ఎంత?

కావున గురి నేర్పువారు వ్రాయు చేతిని మాత్రమే అడిగి ఊరకుండరాదు. రాయి ఏ చేత విసరుదువు, సూదిలో దారము ఏ చేత ఎక్కింతువు, చిన్ననాట ఎవరైనను చేయి మాన్పించినారా అనియు అడుగవలెను. ఆపైన కన్నును పరీక్షింపవలెను. ఇంతయు ఐదు నిమిషముల పని. ఆ ఐదు నిమిషములు వెచ్చింపకపోవుటవలన ఒక బాలుడో, బాలికయో ఒక ఏడు వృథాగా శ్రమించి, తాను చేతకానివాడనని తీర్మానించుకొని ఇంటికి పోవచ్చును.

ఇది తుపాకికి మాత్రమే పరిమితమైన సంగతి కాదు. ధనుర్విద్యలోను ఇదే చిక్కు వచ్చును. ప్రయోగశాలలోని ఒంటికంటి సూక్ష్మదర్శినికడ ఒక విద్యార్థి ఏ కన్ను ఆన్చునో చూడుడు. అతని పెత్తనపు కంటి జాడ కొంత అక్కడనే దొరుకును. "ఇట్లు కాదు, అట్లు చూడు" అనుటకు ముందు, అతడు అట్లేల చూచుచున్నాడో ఒక క్షణము ఆలోచించుట ఉపాధ్యాయునికి శోభ.

విద్యాసంవత్సరము మొదట పిల్లల ఎత్తు, బరువు కొలిచి పుస్తకమున ఎక్కించు అలవాటు మన బడులలో కలదు. చేవెళ్ల, మొయినాబాదు మండలముల వ్యాయామోపాధ్యాయులు ఆ పుటలో మరియొక గడి గీసి, ఒక్కొక్క పేరునకు ఎదురుగా కుడికన్ను, ఎడమకన్ను అని ఒక్క మాట వ్రాసిన బాగుండును. రేపు కేడెట్ కోరులో చేరినప్పుడో, పోలీసు శిక్షణకు పోయినప్పుడో, గచ్చిబౌలి గురి క్షేత్రమున మొదటిసారి నిలిచినప్పుడో, "నాది ఎడమకన్నండీ" అని ఆ విద్యార్థి తానే చెప్పగలుగును. రైఫిలును ఏ బుజమునకు ఇయ్యవలెనో శిక్షకునికి అప్పుడు తెలియును.